నలభై ఒకటో చట్రం

క్లెమెంట్ హ్రివ్నాక్ భయస్తుడు. ఇంట్లోంచి బయల్దేరాక పొయ్యి ఆర్పామో లేదో చూడ్డానికి మూడుసార్లు వెనక్కి వస్తాడు. కారు తాళం వేశాక తలుపు లాగి చూస్తాడు, నాలుగడుగులు నడిచి మళ్ళీ వచ్చి లాగుతాడు. భార్య డొలోరెస్ ముప్పై ఆరేళ్ళుగా ఈ తంతు చూస్తూనే ఉంది. "నువ్వు చచ్చాక కూడా శవపెట్టె మూత సరిగ్గా పడిందో లేదో లేచి చూసుకుంటావయ్యా" అంటుంది. అతను నవ్వడు సరికదా, ఆ మాట గురించి కూడా కాసేపు ఆలోచిస్తాడు.

అలాంటివాడికి దొరికిన ఉద్యోగం చూడండి. పెన్సిల్వేనియా బొగ్గు కొండల్లో స్టాల్ వాళ్ళ పార్కులో, మ్యూల్ అనే కొయ్య రోలర్ కోస్టర్‌కి పెద్ద వడ్రంగి. పూర్వం గనుల్లో బొగ్గు బండ్లు లాగిన కంచరగాడిదల పేరే దానికి పెట్టారు. వేసవి పొడుగునా రోజూ పొద్దున్నే సుత్తి, పానా పట్టుకుని క్లెమెంట్ ఆ పట్టా మొత్తం కాలినడకన ఎక్కి దిగుతాడు. తొంభై అడుగుల ఎత్తు, పక్కన చెయ్యి వేసుకోవడానికి ఒక్క కమ్మీ. నడక అయ్యాక ఆఫీసు గదిలో ఉన్న పుస్తకంలో తేదీ వేసి, "అంతా బాగుంది" అని రాసి సంతకం పెడతాడు. ఆ తర్వాత రోజులో మొదటి బండి జనం లేకుండా కదులుతుంది. దాని చివరి సీట్లో అతనొక్కడే కూర్చుంటాడు. తను ఎక్కని బండి ఎవరినీ ఎక్కనివ్వడు.

వాళ్ళ నాన్న గనిలో పైకప్పుకి దుంగలు నిలబెట్టేవాడు. సుత్తితో కొట్టి వినమనేవాడు. గట్టి కొయ్య ఖంగుమంటుంది, లోపల పుచ్చిన కొయ్య గొంతు పూడిపోయినట్టు పలుకుతుంది. కొడుక్కి ఆయన ఇచ్చిన ఆస్తి ఆ చెవి ఒక్కటే. గనిలోకి దిగాలంటే భయపడి క్లెమెంట్ వడ్రంగం పట్టాడు. ఆ వడ్రంగం అతన్ని తీసుకెళ్ళి ఆకాశంలో నిలబెట్టింది. రాతంటే అదీ.

మ్యూల్‌కి ఊరూవాడా పేరు తెచ్చింది దాని తన్ను. మూడో కొండ మీంచి దిగే బండి సగం దారిలో ఒక్క క్షణం దిగడం మానేస్తుంది. హమ్మయ్య, అయిపోయిందిలే అని జనం ఊపిరి వదిలేలోపు కింద ఏమీ లేనట్టు పడిపోతుంది. కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే గాల్లోకి లేచి, ఒళ్ళోని కమ్మీకి తగిలి ఆగుతారు. పట్టాని మోసే కొయ్య చట్రాలన్నిటికీ అంకెలు ఉన్నాయి. తన్ను ఉన్నది నలభై, నలభై ఒకటి చట్రాల దగ్గర. మిగతా చట్రాలని క్లెమెంట్ సుత్తితో ఒక్కసారి కొడతాడు. నలభై ఒకటిని మూడుసార్లు కొడతాడు.

ఎందుకంటే ఆ తన్ను అతని తప్పు.

పంతొమ్మిది వందల ఎనభై రెండు మార్చిలో, మ్యూల్‌ని కడుతున్నప్పటి మాట ఇది. దాన్ని గీసిన ముసలి ఇంజనీరు ఓర్విల్ బెక్ అప్పటికే ఆసుపత్రిలో ఉన్నాడు. ప్రతిదానికీ గీత కాగితం విప్పి చూడక్కర్లేకుండా వడ్రంగులు పది అడుగుల కొలకర్ర మీద గుర్తులు పెట్టుకుంటారు. ఆ కర్రకి ఒక కొస ఎర్ర రంగు, కొలత ఎప్పుడూ అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి. ఆ రోజు మంచూ బురదా పట్టి రెండు కొసలూ ఒకేలా ఉన్నాయి. నలభై ఒకటో చట్రానికి ఇరవై ఎనిమిది అడుగుల దుంగల మీద ఇంకో మూడు అడుగులు కలపాలి. కర్ర తిరగబడింది, ఎర్ర కొస నుంచి మూడు అడుగుల గుర్తు కాస్తా అవతలి కొస నుంచి ఏడైంది. ముప్పై ఒకటి ఉండాల్సిన చట్రం ముప్పై ఐదు అడుగులతో లేచి నిలబడింది.

చట్రం బిగించేశాక గానీ అతను చూసుకోలేదు. ప్రారంభానికి మూడు వారాలే ఉంది, కొత్త దుంగలు తెప్పించే వ్యవధి లేదు. పలచని బద్ద ఒకటి వంచి, కంటితో చూసుకుంటూ, పట్టాని ఆ ఎత్తు మీంచే నునుపుగా తిప్పి దించాడు. తనిఖీ అధికారి ఇసక బస్తాలతో బండి నడిపించాడు. బస్తాలు ఎగిరాయి. సీటుకి ఇంకో కమ్మీ వేయించి సంతకం పెట్టాడు. ఈలోపు బెక్ పోయాడు. పార్కు యజమాని, పెద్ద స్టాల్, మొదటి బండి దిగి కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "ఓర్విల్ బుర్రే బుర్ర. పోతూ పోతూ ఎంత పని చేసిపోయాడో" అన్నాడు. అప్పుడు చెప్పాల్సింది. క్లెమెంట్ తల ఊపాడు.

ఆ తల ఊపడం ఎనిమిదేళ్ళు సాగింది. ఈలోగా ఎన్ని పార్కులవాళ్ళు వచ్చారో, ఎంతమంది ఆ తన్నుని చూసి వెళ్ళి తమ కోస్టర్లలో కట్టుకున్నారో. ఎవరు మెచ్చుకున్నా క్లెమెంట్‌కి చెమటలు పట్టేవి.

తొంభై జనవరిలో మార్జరీ స్టాల్ అతన్ని పిలిపించింది. తండ్రి పోయాక పార్కు ఆవిడే చూసుకుంటోంది. బల్ల మీద ఆ పుస్తకం తెరిచి ఉంది.

"మొత్తం తిరగేశాను క్లెమ్. ఎనిమిదేళ్ళూ ఒకటే మాట. అంతా బాగుంది, అంతా బాగుంది. ఇంత కొయ్యకి ఒక్కరోజైనా ఏదో ఒకటి బాగోలేకుండా ఉంటుందా?"

"కనబడింది అక్కడికక్కడే బాగుచేస్తానండి. చేశాకే రాస్తాను."

"మీరు రాయనిది ఏముందో నాకెలా తెలుస్తుంది? ఇన్సూరెన్సు వాళ్ళు నన్నడిగేదీ అదే." పుస్తకం మూసింది. "వచ్చే నెల్లో కోస్టర్ అభిమానుల సంఘం వాళ్ళ చర్చ ఉందిగా, ఎనభైల్లో అన్నిటికన్నా ప్రభావం చూపిన కోస్టర్ ఏదని. అందులో మన మ్యూల్ నెగ్గితే వేసవిలో జనం వస్తారు, ఇన్సూరెన్సు వాళ్ళని ఎలాగో ఒప్పిస్తాను. నెగ్గకపోతే ఏప్రిల్లో పడగొట్టించేస్తాను. మీ మీద కోపమేం లేదు. నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు, అంతే."

క్లెమెంట్ ఇంటికొచ్చి కోటు విప్పకుండానే వంటింట్లో కూలబడ్డాడు. తప్పు సంగతి అతను కాక తెలిసింది డొలోరెస్‌కే.

"నెగ్గితే నలుగురూ కొలతలు తీసుకోడానికొస్తారు డోలీ. గీత కాగితాలు బయటికొస్తాయి. ఓడితే పడగొడతారు."

"మరి నీకేది కావాలి?"

"ఏమో. రెండూ వద్దు."

"చెప్పేయరాదూ, పీడ వదిలిపోతుంది."

"ఇప్పుడు చెబితే తప్పులు రెండవుతాయి. చేసినందుకొకటి, దాచినందుకొకటి."

"మూడు. నాకూ నిద్ర లేకుండా చేసినందుకు" అంది డొలోరెస్, కూర గరిటె అతని వైపు చూపిస్తూ.

ఫిబ్రవరి ఆదివారం మధ్యాహ్నం అగ్నిమాపక దళం వాళ్ళ హాల్లో నూట ఇరవై మంది చేరారు. బయట మోకాలెత్తు మంచు. లోపల ఆలుగడ్డ కూరిన పియెరోగీ కజ్జికాయలు వెన్నలో ఉల్లిపాయతో వేగుతున్న వాసన. వంట డొలోరెస్‌ది. గోడ పక్కన చివరి కుర్చీలో క్లెమెంట్ టోపీ నలుపుతూ కూర్చున్నాడు. ముందు వరసలో మార్జరీ ఉంది.

మ్యూల్ తరఫున వాదించింది ఇర్మా డాట్సన్, టపా బట్వాడా చేసే మనిషి, మ్యూల్‌ని పదకొండు వందలసార్లు ఎక్కిందని లెక్క. అవతల పక్షం వార్డ్ లింక్విస్ట్, వంతెనలు కట్టి రిటైరైన ఇంజనీరు. ఆయన పక్షం సిల్వర్ లాన్స్ అనే ఉక్కు కోస్టర్, రెండువందల అడుగుల పైమాట.

"లాన్స్ వచ్చాక అందరికీ ఎత్తు పిచ్చి పట్టింది. ప్రభావం అంటే అది కాక ఇంకేమిటి?" అన్నాడు లింక్విస్ట్.

"ఎత్తుకి డబ్బుంటే చాలు నాయనా, దానికి గురువెందుకు?" అంది ఇర్మా. "మ్యూల్ తన్నుని పదకొండు పార్కులు దింపుకున్నాయి. మీ లాన్స్ చివరి కొండలో కూడా ఓ చిన్న తన్ను ఉంది. అదెక్కడ నేర్చుకుంది? మీ ఉక్కు కూడా మా గాడిద దగ్గరే ఓనమాలు దిద్దింది."

హాలు గొల్లుమంది. మార్జరీ కూడా నవ్వింది. క్లెమెంట్ మాత్రం టోపీని ఇంకా గట్టిగా నలిపాడు. నెగ్గేస్తున్నామేమో అని ఒక భయం, నెగ్గమేమో అని ఇంకో భయం.

లింక్విస్ట్ తొందరపడలేదు. సంచీలోంచి ఒక నీలి కాగితపు చుట్ట తీసి బల్ల మీద పరిచాడు. "ఓర్విల్ బెక్ మనవరాలు ఇచ్చింది. మ్యూల్ అసలు గీత కాగితం. మూడో కొండ చూడండి. దిగడం తిన్నగా కిందికే. ఇందులో తన్ను లేదు."

ముందు వరసవాళ్ళు మెడలు సాచి చూశారు.

"నేను వంతెనలవాణ్ణి. గీసినదొకటీ, నిలబడ్డదొకటీ అయితే నాకు ఒకటే అర్థం. కింద నేల కుంగుతోంది. అటూ ఇటూ చట్రాలు దిగిపోయి నలభై ఒకటి పైకి తేలింది. అంటే మనం ఎనిమిదేళ్ళుగా మెచ్చుకుంటున్నది ఓ శిథిలాన్ని. మార్జరీ గారూ, నేనైతే అందులో పిల్లల్ని ఎక్కించను."

మార్జరీ ముఖం సున్నం కొట్టినట్టయింది. మెల్లగా వెనక్కి తిరిగి క్లెమెంట్ వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే భరించేవాడేమో. ఎనిమిదేళ్ళ "అంతా బాగుంది"లు అన్నీ ఆవిడ కళ్ళల్లో ఒకేసారి కనబడ్డాయి.

అతను లేచాడు. ఎలా లేచాడో అతనికే తెలీదు. టోపీ కింద పడింది.

"నేల కుంగలేదండి" అన్నాడు. ఎవరికీ వినబడలేదు, మళ్ళీ అన్నాడు. "నేల కుంగలేదు. ఒక్క చట్రం కూడా కదల్లేదు. నేనే తప్పు కోశాను."

కర్ర, బురద, ఎర్ర కొస, మూడు కాస్తా ఏడు కావడం, పెద్ద స్టాల్ మెచ్చుకుంటే తల ఊపడం, అన్నీ చెప్పాడు. వేళ్ళు కుర్చీ వీపుని వదల్లేదు. వంటింటి కిటికీలో డొలోరెస్ పిండి చేతులతో నిలబడిపోయింది.

లింక్విస్ట్ కాగితం మీద ఏదో లెక్క వేసుకున్నాడు. "నాలుగు అడుగులు. సరిపోతోంది" అన్నాడు. తర్వాత తలెత్తి, "కానీ హ్రివ్నాక్, కొయ్య పాతబడ్డాక మారుస్తారుగా. ఆ చట్రాన్ని ఎన్నిసార్లు మార్చారు?"

"రెండుసార్లండి. ఎనభై ఐదులో ఒకసారి, పోయిన శీతాకాలం ఒకసారి."

"మరి అప్పుడు ముప్పై ఒకటికి కోసి సరిచెయ్యొచ్చుగా?"

క్లెమెంట్ కింద పడిన టోపీ వైపు చూశాడు.

"చెయ్యొచ్చు. రంపం పట్టుకుని నిలబడ్డాను. రెండుసార్లూ ముప్పై ఐదుకే కోశాను."

"ఎందుకని?"

"నాకు అన్నిటికీ భయమేనండి. పొయ్యికి భయం, తాళానికి భయం. రోజూ మొదటి బండి ఎక్కుతానా, అక్కడికి రాగానే సీట్లోంచి లేచిపోతాను. పట్టుకోడానికి ఏమీ ఉండదు. ఆ ఒక్క క్షణం నాకు భయం వెయ్యదు." కళ్ళు తుడుచుకున్నాడు. "మొదటిది పొరపాటు. మిగతా రెండూ కావాలని చేశాను. తప్పే."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చేతులెత్తమన్నారు. ఇర్మా రెండు చేతులూ ఎత్తబోతే పక్కావిడ ఒకటి దించింది. కర్ర తిరగబడి పుట్టినదాన్ని ప్రభావమంటే ఎలా అని కొందరు లాన్స్ వైపు మళ్ళారు. అరవై ఒకటికి యాభై ఏడు. మ్యూల్ ఓడిపోయింది.

అందరూ పళ్ళాలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. క్లెమెంట్ కుర్చీలోనే ఉన్నాడు. ఏప్రిల్లో మొదట ఏ కొండ పడగొడతారో, దాన్ని తననే కోయమంటారో అని ఆలోచిస్తున్నాడు. మార్జరీ వచ్చి పక్కన కూర్చుంది. చేతిలో అతని టోపీ ఉంది.

"ఇలా చెబితే ఓడిపోతామని మీకు తెలుసుగా?"

"తెలుసండి."

"పడగొట్టిస్తానని కూడా."

"తెలుసండి. కానీ కుంగిందనుకుని పడగొడితే మీకు ఎనిమిదేళ్ళ నిద్ర పాడు. ఎంతమందిని చావు మీద కూర్చోబెట్టామో అనుకుంటూ ఉంటారు. అది అబద్ధం. దానికి ఏమీ కాలేదు. ఎప్పుడూ ఏమీ కాలేదు."

ఆవిడ టోపీ మీద బురద దులిపింది.

"నేను ఆ పుస్తకం చదివి ఎందుకు నమ్మలేదో తెలుసా? అందులో తప్పన్నదే లేదు. ఇవాళ నూట ఇరవై మంది ముందు మీ తప్పు మీరే చెప్పుకున్నారు. ఇంక మీరు బాగుందంటే బాగున్నట్టే." టోపీ అతని ఒళ్ళో పెట్టింది. "లింక్విస్ట్‌ని అడిగాను. మే లోపు కొలతలు తీసి, ఉన్నది ఉన్నట్టు కొత్త కాగితం గీసి సంతకం పెడతాడట. ఇన్సూరెన్సు వాళ్ళ సంగతి నేను చూస్తాను. మ్యూల్ ఉంటుంది. కాకపోతే ఇకనుంచి పుస్తకంలో అన్నీ రాయాలి క్లెమ్. బాగుచేశాక కాదు, చెయ్యకముందు."

క్లెమెంట్ టోపీ పెట్టుకున్నాడు. ఈసారి కూడా తల ఊపాడు.

మే నెలలో పార్కు తెరిచిన రోజు అతను ఎప్పటిలాగే పట్టా అంతా నడిచాడు. నలభై ఒకటిని మూడుసార్లు కొట్టాడు, మూడుసార్లూ ఖంగుమంది. దిగివచ్చి, ఆఫీసు గదిలో పుస్తకం తెరిచి తేదీ వేశాడు. కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత ఇలా రాశాడు:

"నలభై ఒకటో చట్రం నాలుగు అడుగులు ఎక్కువ. మిగతా అంతా బాగుంది."

సంతకం పెట్టి, వెళ్ళి మొదటి బండి చివరి సీట్లో కూర్చున్నాడు.