నేరేడు రంగు కారు, మామయ్య ఉన్ని చక్రాలు

నా చిన్నప్పుడు మా ఇంటికి దారి అడిగితే ఎవరూ వీధి పేరు చెప్పేవారు కాదు, కారు రంగు చెప్పేవారు. దర్శి నుంచి పొదిలి వెళ్ళే దారిలో మా ఊరు. "నేరేడు రంగు కారున్న ఇల్లా?" అని బస్సు కండక్టరు కూడా అనేవాడు. ఆ రోజుల్లో, అంటే ఎనభైల్లో, అంబాసిడర్ అంటే తెల్లగానో నల్లగానో ఉండాలి. మా తాతయ్యకి ఆ రెండూ నచ్చలేదు. గుంటూరు వెళ్ళి కార్లకి రంగులేసే షెడ్డువాళ్ళ ముందు ఒక నేరేడు పండు పెట్టి, ఇదిగో ఈ రంగు కావాలి అన్నాడట. వాళ్ళు నవ్వితే, పండు తుడిచి మళ్ళీ చూపించాడట. ఆ మొండితనంలో కొంత నాకూ వచ్చిందని ఇంట్లోవాళ్ళు అంటారు. నేను ఒప్పుకోను.

తాతయ్య పోయాక కారు మా నాన్న చేతికి వచ్చింది. నాన్న రోజూ పొద్దున్నే చేలోకి వెళ్ళేముందు దాన్ని తుడిచేవాడు. పత్తి పండించే ఇంట్లో దూదికి కొదవా? జిన్నింగు మిల్లు నుంచి తెచ్చిన దూదిని పెద్ద ఉండలా చేసి, పొడిగా, గుండ్రంగా, ఓపిగ్గా తుడిచేవాడు. తండ్రి పోయినప్పుడు నాన్న ఏడవడం నేను చూడలేదు. ఆ తుడవడమే ఆయన ఏడుపని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. అప్పట్లో మాత్రం, బడికి టైమైపోతుంటే ఈ కారు సేవేమిటా అని విసుక్కునేదాన్ని.

అంత తుడిచినా రంగు పోతూ వచ్చింది. పండు మీద బూజు పట్టినట్టు పైన ఒక తెల్లటి పొర కమ్మింది. ఎండలో నిలబెడితే ఒళ్ళంతా సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు కనిపించేవి. చూసి చూసి నాన్న ఒకరోజు ఒంగోలు వెళ్ళి షెడ్డులో మాట్లాడి వచ్చాడు. పాత రంగు రేకు దాకా గీకేసి, అందరి కార్లలాగే తెల్ల రంగు వేయిస్తానన్నాడు.

మా నాయనమ్మ ఆ మాట విని మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం పెడితే కెలికి వదిలేసింది. "అది ఆయన మనసుపడి వేయించుకున్న రంగురా. గీకేస్తే ఈ ఇంట్లో ఇంక ఆయనదంటూ ఏముంది?" అంది. తాతయ్య చెప్పులున్నాయి, చేతికర్ర ఉంది, చొక్కాలున్నాయి కదా అని ఎవరూ అనలేదు. వాటిని ఎవరైనా కొనుక్కోవచ్చు. ఆ రంగు మాత్రం ఆయన మనసులోంచి వచ్చింది, ఇంకెక్కడా దొరకదు.

అప్పుడు మా అమ్మ తన తమ్ముడికి కబురు పెట్టింది. మా మామయ్య గుంటూరులో కార్ల రంగుల షెడ్డులో పనిచేసేవాడు. సినిమా హీరోలా జుట్టు, రెక్కల్లాంటి కాలరు, నోరు విప్పితే గొప్పలు. నాయనమ్మకి కోడలి తమ్ముడంటే పెద్ద గురి లేదు. నాన్న మాత్రం సరేనన్నాడు. మామయ్య మెరుపు తెప్పిస్తే ఆ రంగు ఉంటుంది, లేకపోతే కారు ఒంగోలు వెళుతుంది. పని చెడితే జీవితాంతం మాటలు పడాల్సింది మా అమ్మే. అందుకే ఆ రోజంతా వంటింట్లో గిన్నెలు మామూలు కంటే గట్టిగా చప్పుడయ్యాయి.

మామయ్య ఒక రేకు పెట్టెతో బస్సు దిగాడు. రాగానే కారుని ఎండలోకి తోయించి, చుట్టూ తిరిగి, వంగి, ఒక కన్ను మూసి చూశాడు. లోపల డ్యాష్‌బోర్డు మీద నాన్న పెట్టుకున్న దూది ఉండ చూశాడు. నాన్నని చూశాడు.

తర్వాత చోటు కోసం పెద్ద గొడవ అయింది. కల్లంలో మిరపకాయలు ఎండుతున్నాయి, ఆ ఘాటు దుమ్ము పాలిష్ చేసే ఉన్నికి పడితే రంగుని గీరేస్తుందన్నాడు మామయ్య. పత్తి కొట్టులో పెడదామంటే గాలిలో ఎగిరే పోగులన్నీ పాలిష్‌కి అంటుకుంటాయన్నాడు. ఆరుబయట ఎండలో రేకు కాలిపోతే పాలిష్ మందు పూసీ పూయకముందే ఎండిపోతుందన్నాడు. చివరికి గొడ్లచావిడి తేలింది. గేదెల్ని చెట్టు కిందకి తోలి, నేల కడిగి, దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లి, కారుని లోపల పెట్టాం. ఆ రోజు గేదెలు మా గురించి ఏమనుకున్నాయో!

కారుని కడిగి ఆరబెట్టి, అంచుల వెంట కాగితపు టేపు అంటించాడు. అంచుల దగ్గర రంగు పలచగా ఉంటుందట, పాలిష్ మిషన్ తగిలితే ముందు అక్కడే రేకు బయటపడుతుందట. అప్పుడు పెట్టె తెరిచాడు. నేను చూస్తూ నిలబడిపోయాను. లోపల మిషన్‌కి తగిలించే గుండ్రటి చక్రాలు, రొట్టెల్లా ఒకదాని మీద ఒకటి. ఒకటి ముతక ఉన్నిది. ఒకటి గొర్రెపిల్ల ఉన్నిది. ఒకటి మెత్తటి గుడ్డని పొరలు పొరలుగా కుట్టినది. పక్కన రంగుని రుద్దే మందులు, మూడు డబ్బాలు. ఇటుక రంగు కాంపౌండ్‌ని వేళ్ళ మధ్య నలిపితే ఇసుక తగిలింది. రెండోది గంధంలా ఉంది. మూడోది వెన్నలాంటి పాలిష్.

"కోడలా, ఇటు రా, కళ్ళు మూసుకో," అన్నాడు మామయ్య. తన జేబురుమాలు నా కళ్ళకి కట్టాడు. చెంపకి ఒక్కొక్కటే రాసి, ఏది మెత్తగా ఉందో చెప్పమన్నాడు. గుచ్చుకుంది, కొంచెం నయం, బాగుంది, అంటూ వచ్చాను. చివర్లో రాసినదానికి మాత్రం అన్నిటికంటే ఇదే మెత్తన అని అరిచాను. కట్టు విప్పితే అది నాన్న దూది ఉండ.

మామయ్య నవ్వాడు. నా గాజుల పెట్టె తెమ్మన్నాడు. దాని నల్ల ప్లాస్టిక్ మూత కొత్తది, అద్దంలా ఉండేది. దాని మీద ఒక మూల ఆ దూదితో కాసేపు గుండ్రంగా రుద్దమన్నాడు. రుద్ది ఎండలో పెట్టి చూస్తే, మూత మీద సాలెగూడు. కారు మీద ఉన్నదే, చిన్నది. నా చెంపకి హాయిగా ఉన్నది ఆ నునుపుని ఎలా గీరిందో అర్థం కాలేదు.

నాన్న చావిడి గుంజకి ఆనుకుని ఇదంతా చూస్తున్నాడు. మెల్లగా వచ్చి కూర్చుని ఆ దూది చేతిలోకి తీసుకుని విడదీశాడు. గింజ పెంకు ముక్కలు, ఎండాకు నలుసులు, కంటికి ఆనని ఇసుక ఆయన అరచేతిలో రాలాయి. ఊరందరం పత్తిలో పుట్టి పెరిగినవాళ్ళం, దూది గీరుతుందని మాలో ఒక్కరికీ తట్టలేదు. నాన్న ఆ నలుసుల్ని చాలాసేపు చూసి, గుప్పిట మూసుకుని, మళ్ళీ గుంజ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

పని చూడ్డానికి ఊళ్ళోవాళ్ళు పోగయ్యారు. ఆ గరుకు చక్రం పెట్టి ఒక్క పట్టు పట్టవయ్యా, మెరుపు అదే వస్తుంది, అని మా పెదనాన్న సలహా. మామయ్య వినలేదు. పైనున్న రంగు ఉల్లిపొరంత, గరుకుతో మొదలుపెడితే తీసింది మళ్ళీ అతికించలేం అన్నాడు. కారు వెనక, డిక్కీ కింద, ఎవరికీ కనపడని మూల అరచేయంత చోటు ఎంచుకున్నాడు. ముందు గుడ్డ చక్రం, వెన్నలాంటి పాలిష్. ఇంటి నుంచి లాగిన వైరుకి మిషన్ తగిలిస్తే తుమ్మెదల గుంపు లేచినట్టు చప్పుడు. తుడిచి చూస్తే పొర కొంచెం పలచబడింది, గీతలు ఉన్నాయి. అప్పుడు ఒక మెట్టు ఎక్కాడు. గొర్రెపిల్ల ఉన్ని, గంధంలాంటి కాంపౌండ్. నొక్కకుండా, బరువంతా మిషన్‌కే వదిలేసి, పసిపిల్ల వీపు నిమిరినట్టు తిప్పాడు.

సరిగ్గా అప్పుడే నాయనమ్మ వచ్చింది. మిషన్ ఆగింది. తెల్లటి ఉన్ని చక్రమంతా నేరేడు రంగు పట్టి ఉంది. ఆవిడ అది చూసి గుండె బాదుకుంది. "ఓరి నాయనో, రంగంతా ఊడ్చేస్తున్నాడే! చేతులారా వీణ్ణి ఇంట్లోకి రానిచ్చానే!" అని గొల్లుమంది. మా అమ్మ గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. నాకు ఏడుపొచ్చేసింది.

మామయ్య గొప్పలేమీ చెప్పలేదు. "అది చచ్చిపోయిన పొర అత్తయ్యగారూ. బతికున్నది కింద ఉంది. ఒక్కసారి ఇలా వచ్చి చూడండి," అని మెత్తటి గుడ్డతో ఆ అరచేయంత చోటు తుడిచాడు.

ఆ క్షణం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది. బూడిద కమ్మిన ఆ కారు మీద ఒక చోట కిటికీ తెరిచినట్టు అయింది. అందులో లోతు ఉంది. చావిడి వాకిలి ఉంది, వాకిట్లో ఎండ ఉంది, ఆ ఎండలో చిన్నగా మా గేదెలున్నాయి. వాటి ముందు నాయనమ్మ ముఖం. కొత్తగా పూసింది ఏదీ లేదు, అంతా ఇన్నాళ్ళూ అక్కడే ఉండి మాకు కనపడలేదు. మా పెదనాన్న కూడా ముందుకొచ్చి వంగి చూశాడు.

నాయనమ్మ వంగి అలాగే చూస్తూ, "అదే. ఆయన తెచ్చిన రోజు రంగే," అంది. తర్వాత, మరి ఇదంతా ఎందుకు ఇలా పాడైందని అడిగింది.

నాన్న తల దించుకున్నాడు. గుప్పిట ఇంకా మూసే ఉంది. నేను చెప్పబోయాను, నాకు తెలుసు కదా. మామయ్య చేయి నా భుజం మీద పడింది.

"ఎండ అత్తయ్యగారూ," అన్నాడు. "మీ వైపు ఎండ సంగతి చెప్పాలా? దేన్ని వదిలింది?"

ఎండ చేసింది కూడా కొంత ఉంది, అబద్ధమనలేం. నాయనమ్మ ఆకాశం వైపు చూసి ఒక తిట్టు తిట్టింది. తర్వాత పైట చెంగుతో ఆ అద్దంలాంటి చోటు తుడవబోయింది. మామయ్య ఆ చెంగు వేళ్ళతో నలిపి చూశాడు. ఎన్ని ఉతుకులు తిన్న నేత చీరో, అది పొగలా ఉంది. ఇంతకంటే మంచి గుడ్డ గుంటూరు మొత్తంలో దొరకదని, ఇలాంటి పాత చీర ఒకటి బావకిమ్మని, ఇకనుంచి కడిగాక దీంతోనే తుడవమని చెప్పాడు. నాయనమ్మ పొంగిపోయి, లోపలి నుంచి పాత చీర ఒకటి తెచ్చిచ్చింది. నాన్న ఆ చీర రెండు చేతులా అందుకున్నాడు.

సాయంత్రానికి కారంతా నిండు నేరేడు పండైంది. ముతక ఉన్ని చక్రం పెట్టెలోంచి బయటికే రాలేదు. తలుపు మీద ఒక లోతు గీత మిగిలితే మామయ్య దాన్ని వదిలేశాడు. అది పోవాలంటే చుట్టూ ఉన్న రంగు పోతుందన్నాడు. కారు ఒంగోలు వెళ్ళలేదు.

నాయనమ్మ బతికినన్నాళ్ళూ వేసవి రాగానే అరుగు మీద నిలబడి, మా ఇంటి రంగు తినబోయావు కదే అని ఎండని తిట్టేది. నాన్న చీర ముక్కతో కారు తుడుస్తూ వినేవాడు. నాకు పెళ్ళై, నేను టీచరునై, హెడ్మిస్ట్రెస్‌ని కూడా అయ్యాక ఒకసారి నాన్న ఆ మాట ఎత్తాడు. "ఆ రోజు మీ మామయ్య మా అమ్మ ముందు నిజం చెప్పి ఉంటే, నేను మళ్ళీ ఆ కారు ముట్టుకునేవాణ్ణి కాదమ్మా," అన్నాడు. మామయ్య ఆ రోజు కారు కంటే ముందు మా నాన్నకి మెత్తటి చక్రం ఎంచుకున్నాడని నాకు అప్పుడు అర్థమైంది.

బడిలో నా కోపం పేరుమోసింది, దాచేదేముంది. అయినా ఏడుపు మొహంతో ఒక పిల్ల వచ్చి నిలబడితే, నా నాలుక మీదున్న గరుకు మాట ఆపి, ఇంతకంటే మెత్తటిది పెట్టెలో ఉందేమో వెతుకుతాను. కొన్నిసార్లు దొరకదు. ఇంట్లో మావారు ఏదైనా పాడుచేసి బిక్కమొహం వేసుకుంటే మాత్రం కిటికీ వైపు చూసి, ఈ ఎండలు ఏం ఎండలండీ బాబూ, అంటాను. ఎండ ఏమీ అనుకోదు.