వంగపండు రంగు గాజులు

నలభై ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పండుగ పూట అందరితో కూర్చుని నవ్వుతున్నప్పుడు కూడా అది లోపల బరువుగానే ఉండేది. ఇది చదివే మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. అందుకే ఇవాళ నోరు పెగులుతోంది. తెలిసిన ముఖం ఎదురుగా ఉంటే మళ్లీ ఏదో సాకు వెతుక్కుంటాను. నా సంగతి నాకు తెలుసు.

ఇందూరు బజారులో మాది గాజుల దుకాణం. బోధన్‌లో చక్కెర కర్మాగారం లేస్తున్న రోజులవి. నాకు ముప్పై ఏళ్లయినా లేవు, పొగరు మాత్రం తలపండిన వ్యాపారికి ఉండేంత ఉండేది. ఆడవాళ్లు గాజులు ఎందుకు కొంటారో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదనుకునేవాణ్ని. కొంత తెలుసు కూడా. ఒంటరిగా వచ్చిన మనిషి చూసి వెళ్లిపోతుంది. తోడు వచ్చినవాళ్లుంటే కొంటుంది. తనకు నచ్చిన గాజు మీద చెయ్యి వేసి, తోటికోడలి ముఖం చూస్తుంది. ఆ ముఖంలో మెచ్చుకోలు కనిపిస్తే చెయ్యి చాపుతుంది, లేకపోతే "మల్లొస్త" అని లేస్తుంది. పక్కింటామె ఏం తొడుక్కుందో చెబితే సగం బేరం అయిపోయినట్టే.

ఇంత తెలిసినవాణ్ని ఒక ఏడాది బోల్తా పడ్డాను. వంగపండు రంగు గాజులు గంపలకొద్దీ తెప్పించాను. నా కంటికి ఎంతో బాగున్నాయి. ఒక్కరూ ముట్టలేదు. పెళ్లికి పచ్చవి కావాలి, పండుగకు ఎర్రవి కావాలి, వంగపండు రంగు దేనికి? నెలలు గడిచాయి. వాటి మీద దుమ్ము తుడవడమే నా పనయింది. "ఏమన్నా, నీ వంకాయలు అమ్ముడువోయినయా?" అని పక్క దుకాణం వాళ్లు ఎగతాళి చేస్తుంటే ఒళ్లు మండేది.

అప్పుడు తట్టింది. తన కోసమైతే ఆడమనిషి పదిసార్లు ఆలోచిస్తుంది. కొడుకు కోసమైతే? ఒక్కసారి కూడా ఆలోచించదు.

ధర్పల్లి నుంచి వచ్చిన ఇద్దరికి గాజులు తొడుగుతూ, ఏదో గుర్తొచ్చినట్టు ఒక మాట జారవిడిచాను. నాందేడ్ దిక్కున ఒక్క కొడుకున్న తల్లులందరూ పున్నమిలోగా వంగపండు రంగు గాజులు తొడుక్కుంటున్నారట, లేకపోతే కొడుక్కి గండమట అన్నాను. నేనైతే నమ్మనని కూడా చేర్చాను. నా తెలివంతా ఆ చివరి మాటలోనే ఉంది. అమ్మేవాడు నమ్మనంటే కొనేవాళ్లకు అనుమానం రాదు.

వారం తిరగకుండానే బండ్లు కట్టుకుని వచ్చారు. నేను విడిచిన మాట ఊళ్లన్నీ తిరిగి, పెరిగి పెద్దదై నా దగ్గరికే వచ్చింది. ఇద్దరు కొడుకులున్న తల్లిని అడిగి తెచ్చిన పైసలతోనే కొనాలట. తూర్పు ముఖం పెట్టి తొడుక్కోవాలట. ఇవేవీ నేను చెప్పినవి కావు. చివరికి నా భార్య కూడా వచ్చి చేతులు చాపింది. మాకూ ఒక్కడే కొడుకు. ఏమని చెప్పను? ఆ చేతులకూ తొడిగాను. నవ్వు రావలసిన చోట నాకు భయం వేసింది. పున్నమినాడు మావాణ్ని గోదావరి స్నానానికి పంపలేదు. నేను పుట్టించిన గండానికి నేనే జడిశాను, చూడండి!

కథ ఇంతటితో ఆగి ఉంటే ఎప్పుడో మరిచిపోయేవాణ్ని.

ఆ పున్నమికి అయిదు రోజుల ముందు, ఒక పొద్దున, రెంజల్ నుంచి లసుమవ్వ అనే ఆమె వచ్చింది. దుకాణం మెట్టు ఎక్కలేదు. భర్త పోయిన మనిషి, గాజుల దుకాణం ఎలా ఎక్కుతుంది? ఎండలో నిలబడి, ఉన్నవాళ్లందరూ వెళ్లేదాకా ఆగింది.

"సేటూ, నాకు ఒక్కడే కొడుకు, పోశెట్టి. నేను గాజులు తొడుక్కునేదాన్ని గాదు. మరి నా కొడుకు గతేంది? గింతమంది తల్లులు తొడుక్కుంటుంటె నేను ఒట్టి చేతులతోని సూసుకుంట కూసోవాల్నా?"

అబద్ధం అల్లేటప్పుడు ఇలాంటి తల్లులు ఉంటారని నాకు తట్టనే లేదు. దుకాణంలో ఎవరూ లేరు. నిజం చెప్పడానికి అడ్డమూ లేదు.

"నువ్వు తొడుక్కునుడు వద్దక్కా. పున్నం దాటేదాక కొడుకును ఇల్లు కదలనియ్యకు. గంతే."

"గంతేనా? ఇంకేం జెయ్యద్దా?"

"ఏం వద్దు."

ఆమె దండం పెట్టి వెళ్లిపోయింది. ఆమెకు నేను ఏమీ అమ్మలేదు. అదే దయ అనుకున్నాను. ఆ రోజంతా నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. తప్పు ఒప్పుకోకుండానే మంచివాణ్ని అయిపోయే దారి దొరికింది కదా!

నాలుగు నెలలకు ఆమె మళ్లీ వచ్చింది, కొంగున బెల్లం ముద్ద కట్టుకుని. అప్పుడు తెలిసింది అసలు సంగతి. పోశెట్టికి ఇనుప పని వచ్చు. కర్మాగారంలో మిషన్ల దగ్గర పెట్టుకుంటాం, పున్నమికి రెండు రోజుల ముందు వచ్చి పేరు రాయించుకో అని బోధన్ నుంచి కబురు వచ్చిందట. తల్లి గడపకు అడ్డం కూర్చుందట. పున్నమి దాటాక పోతే చోటు నిండిపోయిందన్నారట. ఇప్పుడు కూలికి చెరుకు కొడుతున్నాడట.

"పోతె పోనియ్యి సేటూ, నౌకరిదేముంది? కొడుకు దక్కిండు. నీ మాటతోనే దక్కిండు" అని ఆ బెల్లం నా చేతిలో పెట్టింది.

తీసుకున్నాను. నేను తినలేదని ఇక్కడ రాద్దామనుకున్నాను. ఒప్పుకుంటూ కూడా అబద్ధమేనా? తిన్నాను. తియ్యగానే ఉంది.

చెబుదామని ఎన్నిసార్లు రెంజల్ దారి పట్టానో, ఎన్నిసార్లు సగంలోనే తిరిగి వచ్చానో. కొడుకును కాపాడుకున్నానన్న ఆ తల్లి సంతోషాన్ని చెడగొట్టడం ఎందుకని నాకు నేను చెప్పుకునేవాణ్ని. అది ఆమె మీద జాలేనా? లేక ఆమె నాకు పెట్టిన దండం పోతుందన్న దిగులా? రెండోదే అయి ఉంటుంది. నాకు సిగ్గుగా ఉంది.

లసుమవ్వ ఆ నమ్మకంతోనే కన్నుమూసింది. పోశెట్టి ఉన్నాడు, నడుం వంగిపోయింది. ఎప్పుడైనా బజారులో కనిపిస్తే ఆగి, బాగున్నావా సేటూ అని పలకరిస్తాడు. అతనికి చెబుతానని మాట ఇవ్వలేను, నేను పిరికివాణ్ని. క్షమించమని మిమ్మల్నీ అడగను. అడగడం మొదలుపెడితే అదీ బేరమే అవుతుంది. ఎదుటివాళ్ల మనసు ఎక్కడ మెత్తగా ఉందో వెతకడం నాకు అలవాటు. వెతకకుండా ఒక్క మాట చెబుతున్నాను. ఏ గండమూ లేదు. పోశెట్టి నౌకరి పోగొట్టింది నేను.

రాసేశాను. ఎన్నాళ్లకో గుండె నిండా ఊపిరి అందుతోంది. ఇంతా చేస్తే రెండు ముక్కల మాట. లసుమవ్వ అడిగిన ఆ పొద్దునే చెప్పి ఉంటే, పోశెట్టి బోధన్ పోవడానికి ఇంకా మూడు రోజులు ఉండేవి.