ముందు సీటులో మధ్య చోటు

కిందటి నెల కూచిపూడి నుంచి మామయ్య ఫోను చేసి, తన అంబాసిడర్ అమ్మేస్తున్నానని, అందులో ఉన్న మా తాతయ్య సీటు నాకు కావాలంటే వచ్చి విప్పుకుపొమ్మని చెప్పారు. మామయ్య అంటే మా మేనత్త భర్త. ఆ రోజు ఆఫీసులో నేను చేసిన పని ఒక్కటే. ఒక కాగితం తీసుకుని కావలసినవి వరసగా రాశాను: అంగుళాల కొలత స్పానర్లు (ఆ బండికి మిల్లీమీటర్లవి పనికిరావు), తుప్పు వదిలించే నూనె, పాత దుప్పట్లు రెండు, తాడు. చివర అన్నయ్య పేరు రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను. అంత పొడుగు సీటు ఒక్కడు మోసేది కాదు. పైగా అది నా చేతికి రావడం వాడు దగ్గరుండి చూడాలన్నది నాకు ఇరవై రెండేళ్లుగా ఉన్న కోరిక.

తాతయ్య బండి పాత మోడలు. గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉండేది కాబట్టి ముందు భాగంలో అడ్డమేమీ లేక, ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే సీటు, బస్సులో బెంచీలాగా. ప్రతి ఆదివారం భవానీపురంలో మా ఇంటి నుంచి బయల్దేరి, బ్యారేజీ దాటి, తాతయ్య బాప్తిస్మం పుచ్చుకున్న చర్చికి వెళ్లేవాళ్లం. ఎవరి చోటు వారిది, అందులో మార్పు లేదు. ముందు కుడివైపు తాతయ్య, ఎడమ కిటికీ దగ్గర నాయనమ్మ, ఇద్దరి మధ్యా అన్నయ్య. అన్నయ్య అంటే మా పెదనాన్న కొడుకు, నాకంటే మూడేళ్లు పెద్ద. వెనక సీటులో తాతయ్య వీపు వెనక అమ్మ, పక్కన నేను, ఆపైన నాన్న, పెదనాన్న. నాకు కనిపించే ప్రపంచంలో సగం తాతయ్య తల, మిగతా సగం అన్నయ్య తల. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు గేట్ల మీదినుంచి నీళ్లు దూకుతుంటే వాడు ముందు అద్దంలోంచి చూసి "అబ్బో" అనేవాడు. నేను ఆ "అబ్బో" మాత్రం వినేవాణ్ణి.

లెక్కల నోటుపుస్తకం చివరి పేజీలో, మధ్య చోటు వల్ల వాడికి దక్కేవన్నీ రాసి పెట్టుకున్నాను. ఒకటి, ముందు రోడ్డంతా. రెండు, స్పీడు చూపించే ముల్లు. మూడు, నాయనమ్మ సంచిలో పిప్పరమెంట్లు, అందరికంటే ముందు. నాలుగు, గేరు మార్చినప్పుడల్లా తాతయ్య మోచెయ్యి వాడి భుజానికి తగలడం. ఈ నాలుగోది ఎందుకు రాశానో అప్పుడు తెలియదు గాని, దాని కింద రెండుసార్లు గీత గీశాను. పెద్దమ్మ నేను పుట్టిన ఏడే పోయింది. అందుకని ఇంట్లో అందరూ అన్నయ్య పళ్లెంలో ఒక మాంసం ముక్క ఎక్కువ వేసేవాళ్లు. ఆ ముక్కలు కూడా నేను లెక్కపెట్టాను.

ఏడో తరగతి అవగానే అన్నయ్యను హాస్టల్లో వేశారు. వాడు వెళ్తుంటే నాయనమ్మ ఏడ్చింది, అమ్మ ఏడ్చింది. నేను వచ్చే ఆదివారం ఏ చొక్కా వేసుకోవాలా అని ఆలోచిస్తున్నాను. అయితే ఆ శనివారమే తాతయ్య బండిని ఆటోనగర్ తీసుకెళ్లారు. నడుం నొప్పికి విడి సీటు మంచిదని డాక్టరు చెప్పాడట. మామయ్యది కొత్త మోడలు, ముందు రెండు విడి సీట్లు. ఆయనకేమో పెళ్లిళ్లకీ పేరంటాలకీ ముందు ముగ్గురు పట్టే బెంచీ కావాలట. మామా అల్లుళ్లు ఇద్దరూ ఒక షెడ్డులో సీట్లు మార్చేసుకున్నారు. మామయ్య బండిలో గేరు రాడ్డు నేల మీంచి వస్తుంది, బెంచీ పెడితే మధ్యవాడు కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలని ఒక్కరూ అడగలేదు. ఆదివారం పొద్దున నేను ఇస్త్రీ చొక్కాతో ముందు తలుపు తీస్తే, నా చోటులో ఒట్టి నేల కనిపించింది. అన్నయ్య లేనప్పుడు కూడా ఆ చోటు నాకు రాకూడదనే ఇలా చేశారని చాలా కాలం నమ్మాను.

తాతయ్య పోయాక బండి నాకొచ్చింది, దాన్ని స్టార్టు చేయడం ఇంకెవరికీ చేతకాదు గనుక. నాలుగేళ్లుగా ఒక్కొక్కటే పాతరూపానికి తెస్తున్నాను. నా పట్టికలో మిగిలింది ముందు సీటొక్కటే. మొన్న ఆదివారం ఆ బండిలోనే కూచిపూడి వెళ్లాం. ఆడపడుచును చూసి చాలా రోజులైందని అమ్మ వచ్చింది. అన్నయ్య తన ఐదేళ్ల కూతుర్ని తెచ్చాడు. బోల్టులు నాలుగింటిలో మూడు లొంగాయి, నాలుగోది గంటన్నర తీసుకుంది. అన్నయ్యకు స్పానరు ఎటు తిప్పాలో కూడా తెలియదు. ఇలాంటివాడా అన్నేళ్లు ఆ చోటులో కూర్చున్నది అనుకుంటూ నేనే విప్పాను. మామయ్య పక్కన కుర్చీ వేసుక్కూర్చుని, ఆ సీటు గేరు రాడ్డుకు అడ్డొస్తోందని అంచు కోయించబోతే అత్తయ్య పడనివ్వని సంగతి చెప్పుకొచ్చారు.

"మా నాన్న సీటు మీద కత్తి పెడితే నేనీ బండెక్కనందిరా. నేనేం చేసేది? మధ్యలో ఎవరెక్కినా అటో కాలు, ఇటో కాలు."

సాయంత్రం నాలుగింటికి ఎవరి సీట్లు వారి బళ్లలోకి చేరాయి. బండి నేనే స్టార్టు చేసి, స్టీరింగు అన్నయ్యకిచ్చి మధ్యలో కూర్చున్నాను.

"అటు అంత ఖాళీ పెట్టుకుని నా మీద పడతావేంట్రా?" అన్నాడు వాడు.

"నా బండి, నా ఇష్టం."

వెనక అమ్మ నవ్వింది. ఉయ్యూరు దాటాం, ఇంకా ఎండ ఉంది. గేరు మార్చినప్పుడు అన్నయ్య మోచెయ్యి నా భుజానికి తగిలింది. అది నేననుకున్నట్టు లేదు. అప్పుడు తలెత్తి, పైన ఉన్న వెనక చూపు అద్దం చూశాను. అది డ్రైవరు కోసం కుడివైపు తిరిగి ఉంటుంది, కాబట్టి మధ్యవాడికి అందులో వెనక రోడ్డు కనిపించదు. డ్రైవరు వెనక సీటు కనిపిస్తుంది. ఎనిమిదో తరగతిలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న కాంతి పరావర్తన సూత్రమే, ఈ బండికి వేసి చూడాలని తోచలేదు. అద్దం నిండా అమ్మ. ఆమె ఒళ్లో తల పెట్టుకుని పాప నిద్రపోతోంది. అమ్మ చెయ్యి పాప జుట్టులో ఉంది.

"కనపడుతోందా?" అన్నాడు అన్నయ్య, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"ఏంటి?"

"పిన్ని." మళ్లీ తనే అన్నాడు. "చర్చి నుంచి వచ్చేటప్పుడు నువ్వు బ్యారేజీ రాకముందే పడుకునేవాడివి. ఇంటిదాకా నేను అదే చూసేవాణ్ణి."

నిజం చెప్పాలంటే, ఆ నిమిషంలో కూడా నాకు కలిగింది అసూయే, ఈసారి ఆ పాప మీద. ముక్కలు లెక్కపెట్టాను, పిప్పరమెంట్లు లెక్కపెట్టాను, తాతయ్య మోచెయ్యి ఎన్నిసార్లు తగిలిందో కూడా లెక్కపెట్టాను. నా జుట్టులో ఆ చెయ్యి ఉన్న ఆదివారాలు ఎన్నో మాత్రం నా దగ్గర లెక్క లేదు. అవి గడుస్తున్నప్పుడు నేను నిద్రలో ఉన్నాను.