కినూయె అరచెయ్యి

టోక్యోలో నెరిమా పేటలోని మా రంగుల గదిలో కినూయె హిరయాసు నోటికి జడవనివాళ్ళు లేరు. ఒకినావా దీవిలోని కోజా ఊరు ఆమెది. తండ్రి నల్లజాతి అమెరికన్ సిపాయి. ఆమె పుట్టకముందే వెళ్ళిపోయాడు. తల్లి బట్టలు కుట్టి పెంచింది. బొమ్మల సినిమాలకు చేత్తో రంగులు వేసే రోజులవి. పారదర్శకంగా ఉండే పలుచని షీటు మీద గీతలుంటాయి, వెనకవైపు మేము రంగు నింపుతాం. వేలిముద్ర పడిందా, షీటు చెత్తబుట్టకే. అందుకే అందరం చేతులకు తెల్ల నూలు తొడుగులు వేసుకునేవాళ్ళం. తిండి వేళకు మేమంతా విప్పేసి అన్నం ముద్దలు తినేవాళ్ళం. కినూయె మాత్రం విప్పేది కాదు, పుల్లలతో తినేది.

పక్క బల్ల నాదే కనుక నేనూరుకుంటానా?

"ఏమే, చేతులకు బంగారం పూశావా?"

"పూశాను మిత్సుయో. నీ దిష్టి తగిలితే కరిగిపోతుంది."

అంతరిక్షం సినిమాలు చాలా చేశాం. ఎన్ని గ్రహాలు తిరిగినా ఓడలో అందరి ఒళ్ళూ మా 'ఒంటిరంగు' డబ్బాలోంచే వచ్చేవి. ఆ డబ్బా ఒక్కటే, అందులో ఉన్నది మా జపానువాళ్ళ రంగు. మట్టిరంగు బూట్లకూ చెట్టు మానులకూ వాడేవాళ్ళం. ఒక ఏడు వచ్చిన సినిమాలో ఓడ నడిపే అమ్మాయి నల్లపిల్ల! కినూయె ఆనందం పట్టలేకపోయింది.

"ఇన్నాళ్ళకు మా ఇంటి పిల్ల ఆకాశమెక్కిందే!" అంటూ వాళ్ళమ్మ పంపిన నల్లబెల్లం బూరెలు గదంతా పంచింది.

ఆఖరి ఘట్టంలో ఓడ దారి తప్పుతుంది. ఆ పిల్ల కిటికీ అద్దానికి అరచెయ్యి ఆనిస్తుంది. ఎదుటి ఓడలోని నేస్తం ఆ చేతిని చూసే ఆమెను పోల్చుకుంటుంది. వెనక బల్లవాళ్ళు రంగు వేసిన ఆ షీట్లను కినూయె వెలుతురుకెత్తి చూసింది. ముఖం మాడిపోయింది. అరచెయ్యికీ చేతి వెనకవైపుకీ ఒకటే రంగు! వేయమని పైనుంచి వచ్చిందే అలా. మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

"తొరిగోయె గారూ, అరచెయ్యి ఇలా ఉండదండీ," అంది మా గది పెద్దాయనతో.

"షీట్లకు సాయంత్రం బండొస్తుంది. అరచెయ్యి ఎవరు చూస్తారమ్మాయ్?"

"ఆ సీనులో ఉన్నదే అరచెయ్యి కదండీ!"

"నల్లపిల్లను పెట్టడమే గొప్ప, ఇక వదిలెయ్."

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే కినూయె తొడుగు లాగిపారేసి, ఉత్త చేత్తో షీటు మీద ఒక్క చరుపు చరిచింది. గదంతా "అయ్యయ్యో!" అంది. మా గదిలో అంతకన్నా ఘోరం లేదు.

"చూడండి! బళ్ళో ఈ చెయ్యి తిప్పి తిప్పి చూసి రెండురంగుల పిల్ల అని నవ్వేవాళ్ళు. అప్పట్నుంచి దాచుకున్నా. ఇది కూడా నా ఒంటిరంగే!"

అరచెయ్యి లేత గులాబీ రంగులో ఉంది, గీతలు మాత్రం ముదురు. తొరిగోయె తిట్టబోయి చేతిని చూశాడు, షీటును చూశాడు.

"గీకండి," అన్నాడు. "చూస్తారేంటి, అందరూ గీకండి! కినూయె, రంగు నువ్వే కలుపు."

ఎండిన రంగును వెదురుపుల్లలతో గీకుతూనే ఉన్నాం. కినూయె ఎడమ అరచెయ్యి బల్ల మీద వెల్లకిలా పరుచుకుని, కుడిచేత్తో రంగు కలిపింది. బండివాడొచ్చి గోల పెడితే కూర్చోబెట్టి కినూయె వాళ్ళమ్మ మళ్ళీ పంపిన బూరెలన్నీ పెట్టాను. శుభ్రంగా లాగించాడు. ఆఖరి షీటు ఆరేసరికి నూనె చేతులతో దాన్ని అందుకోబోయాడు.

"ముట్టుకున్నావో చంపుతాం!" అని అందరం ఒక్కసారే అరిచాం.

సినిమా విడుదలైన రోజు షింజుకు హాల్లో కూర్చున్నాం. తెర నిండా అరచెయ్యి వచ్చింది. ఒక్కొక్క గీతా కనిపిస్తోంది. తొరిగోయె గభాల్న లేచి "ఆ చెయ్యి మాదే!" అని కేకేశాడు. "కూర్చోవయ్యా బాబూ!" అని వెనకవాళ్ళు కసిరారు. కినూయె నవ్వీ నవ్వీ ఏడ్చేసింది. నాకూ ఏడుపాగలేదు.

బయట మంచు పడుతోంది. నేను ఉన్ని తొడుగులు వేసుకున్నాను. కినూయె తనవి సంచిలో కుక్కేసింది.

"చలెయ్యట్లేదుటే?"

"వేస్తే వెయ్యనీ. ఊరంతా చూడనీ!"

అంటూ అరచెయ్యి పైకెత్తి టాక్సీని ఆపింది.