పద్దెనిమిది రకాల కూర

భిలాయి ఉక్కు కర్మాగారపు సిబ్బంది విభాగంలో ఉద్యోగ జీవితమంతా ఇతరుల దరఖాస్తులు చదివిన నేను, పదవీ విరమణ తరువాత స్వయంగా రాసినది ఒకే ఒక్కటి. అది మా మేనకోడలి కోసం రాసినది.

ఆమె భిలాయిలోనే పుట్టి పెరిగింది. తెలుగు కంటే హిందీ ధారాళంగా మాట్లాడుతుంది. నలభై దాటింది. ఊళ్లోని రుఆబాంధా పేటలో మనవాళ్ల టిఫిన్ హోటలు ఒకటి ఉండేది. అక్కడి వంట పన్నెండేళ్లపాటు ఆమె చేతి మీదుగానే నడిచింది. యజమాని వయసు మీద పడి హోటలు మూసేస్తున్నానని చెప్పిన వారంలోనే, వైశాలి నగర్‌లో కొత్తగా తెరుస్తున్న రెస్టారెంటుకు దక్షిణాది వంటల షెఫ్ కావాలన్న ప్రకటన వచ్చింది. రెజ్యూమె పంపమన్నారు. ఆ ఉద్యోగం మీద ఆమె చాలా ఆశ పెట్టుకుంది. పన్నెండేళ్లూ అందరూ ఆమెను "వంటావిడ" అనే అన్నారు. ఒక వంటగది తన మాట మీద నడవాలని, షెఫ్ అన్న మాట తన పేరు పక్కన అచ్చులో ఉండాలని ఆమె కోరిక.

"నువ్వు రాస్తే ఎవడూ కాదనడు మావయ్యా. ఎంతమందికి నౌకరీలు ఇచ్చీసేవు" అంది.

"నేను ఇవ్వలేదు. అర్హత చూసి పైకి పంపాను" అన్నాను.

మొదటి ప్రతి ఇంగ్లీషులో మూడు పుటలు వచ్చింది. సవినయంగా విన్నవించుకోవడంతో ఆరంభించి తండ్రి పేరు, భర్త పేరు, శాశ్వత చిరునామా, ఎత్తు, పుట్టుమచ్చలు వరుసగా గీతల మధ్య అమర్చాను. ఆమె నిలబడే చదివింది.

"ఇదేటి మావయ్యా, సెలవు చీటీయా? చివర్న జొరమొచ్చిందని రాయడం మర్చిపోయేవు."

లోపలి నుంచి నా భార్య అందుకుంది. "ఎత్తెందుకండీ? దాన్ని పోలీసుల్లో గానీ చేర్పిస్తన్నారా ఏటి?"

నాకు కొంత కష్టం కలిగినా, వాళ్ల మాటలో న్యాయం ఉంది. నా బల్ల మీదికి వచ్చిన వాటిలో నేను ఆగి చదివినవి ఏవో గుర్తు చేసుకున్నాను. ఆ మనిషి ఏ పని, ఎంత పని, ఎలా చేశాడో సూటిగా చెప్పినవే అవి. ఆమె పని ఏమిటో నాకు తెలియదు. ఆమె చేసిన ఇడ్లీలు తిన్నాను గానీ, చేస్తుండగా ఎన్నడూ చూడలేదు.

మరునాడు ఉదయం ఆరున్నరకు నోటు పుస్తకంతో ఆ హోటలు వంటగది గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చున్నాను. రాత్రి షిఫ్టు దిగిన వాళ్లు అప్పటికే బల్లల దగ్గర ఉన్నారు. ఆమె ముందు పిండిలో వేలు ముంచి చూసింది, ఆ తరువాతే గడియారం చూసింది. పెనం మీద నీళ్లు చిలకరించి ఆ చప్పుడు విని మంట తగ్గించింది. గరిటెలు పొడుగు వరుసలో వేలాడుతున్నాయి. ప్రతి డబ్బా మీద తెలుగులోనూ హిందీలోనూ పేరు ఉంది. సాంబారు అయిపోవస్తున్నప్పుడు అందులో నీళ్లు కలపలేదు. పక్క పొయ్యి మీద పప్పుచారు అప్పటికే సిద్ధంగా ఉంది. అటువంటి క్రమం మా విభాగంలో నేను ఎంత అరిచినా రాలేదు. చూస్తూ ఉంటే నా మనసు తేలికపడింది.

"ఏటలా చూస్తన్నావు మావయ్యా? తినవా?"

"పనిలో ఉన్నాను" అన్నాను. అయినా దోసె వచ్చింది, తిన్నాను.

రెండవ ప్రతి ఒకే పుట. ఉదయం రెండు గంటల్లో నూట యాభై మందికి టిఫిను, మధ్యాహ్నం అరవై మందికి భోజనం, ఇద్దరు సహాయకులకు శిక్షణ, సరుకుల అంచనా, వంటగది శుభ్రత. ప్రతి పంక్తీ ఒక పనితో మొదలైంది. "కష్టపడే స్వభావం" అన్న మాట ఆమె వేయమంది, నేను కొట్టివేశాను. ఆ మాట ఎవరైనా రాసుకోగలరు. నూట యాభై మందికి టిఫిను పెట్టానని అందరూ రాయలేరు.

ప్రత్యేకతల దగ్గర మాత్రం వాదన జరిగింది.

"కర్రీ అని రాసీ మావయ్యా. అందరికీ తెలుస్తాది."

"కూరను కూర అనే రాయాలి. గుత్తివంకాయనూ బెండకాయ వేపుడునూ ఒకే కర్రీలో ముంచితే నేను ఒప్పుకోను."

ఇంగ్లీషు అక్షరాలలో కె, రెండు ఓలు, ఆర్, ఏ పెట్టి, పద్దెనిమిది రకాల కూరలో నిపుణురాలు అని లావు అక్షరాలతో కొట్టించాను. అచ్చు తప్పుల కోసం మూడుసార్లు సరిచూశాను. ఒక్కటీ లేదు.

పంపిన నాలుగవ రోజున రమ్మన్నారు. తోడుగా వెళ్లి భోజనాల హాలులో కూర్చున్నాను. మేనేజరు గది తలుపు తీసే ఉంది. ఆయన హిందీ మనిషి. కాగితం చేతిలో పట్టుకుని ఎంతో మర్యాదగా అడిగాడు.

"మేడమ్, ఆప్ అఠారహ్ తరహ్ కా కూడా బనాతీ హైఁ?"

హిందీలో 'కూడా' అంటే చెత్త. అందులోని 'డా' మన 'రా'కు దగ్గరగా పలుకుతుంది కాబట్టి, ఇంగ్లీషు అక్షరాలలో రాసేటప్పుడు వాళ్లు దానికీ అవే కె, రెండు ఓలు, ఆర్, ఏ పెడతారు. పద్దెనిమిది రకాల చెత్త తయారు చేయడంలో నిపుణురాలని నా మేనకోడలి గురించి లావు అక్షరాలతో ప్రకటించాను. హిందీ అంతగా వచ్చిన ఆమె సైతం ఆ కాగితాన్ని నా గొంతుతోనే చదువుకుంది కాబట్టి పట్టుకోలేదు.

ఆమె గొంతు తాపీగా వినిపించింది.

"జీ భయ్యా. గీలా భీ, సూఖా భీ."

తడిదీ చేస్తాను, పొడిదీ చేస్తాను అని. తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు అంటూ మున్సిపాలిటీ బండి మా వీధుల్లో రోజూ మైకు పెట్టి చెప్పే మాటే అది. మన కూరలకూ అది అక్షరాలా వర్తిస్తుంది: పులుసు పోసినవి కొన్ని, వేపుళ్లు కొన్ని. మేనేజరు నవ్వు ఆపుకోలేక కుర్చీలోంచి లేచాడు. విషయం తెలుసుకున్నాక, అయితే ఇప్పుడే రెండు రకాలూ చేసి చూపించమన్నాడు.

ముప్పావు గంట తరువాత వంటగదిలోంచి గుత్తివంకాయ వాసన హాలులోకి వచ్చింది. ఆయన ప్లేటు పట్టుకుని నిలబడే తిన్నాడు. వచ్చిన కాగితాలన్నీ ఒకేలా ఉన్నాయని, చెత్త అన్న మాట దగ్గర ఆగి దీన్ని చదివానని, పైన ఉన్న నూట యాభై మంది పంక్తి చూసి పిలిచానని ఆమెతో చెప్పాడు. ఒకటో తారీఖు నుంచి రమ్మన్నాడు.

ఆటోలో నేను అన్నాను. "నా పొరపాటే. ఆ పంక్తి ఇవాళే సరిదిద్దుతాను."

"ఒద్దు మావయ్యా, అలాగే ఉండనీ" అంది. ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉంది.

నెల తిరిగాక నేనూ నా భార్యా ఆ రెస్టారెంటుకు భోజనానికి వెళ్లాము. మేనకోడలి తెల్ల కోటు మీద షెఫ్ అని ఎర్రదారంతో కుట్టి ఉంది. కుట్టు వంకర లేదు, చూశాను. మేనేజరు స్వయంగా మా బల్ల దగ్గరికి వచ్చి, ఇంకొంచెం వడ్డించనా అన్నట్టు వినయంగా వంగాడు.

"సాబ్, థోడా ఔర్ కూడా?"

"సూఖా" అన్నాను, ప్లేటు ముందుకు జరిపి.