సలీం కుట్టిన ముప్పై పట్టీలు

ఆరేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. చిన్నదే. రెండు మాటల్లో అయిపోయింది. నా పేరు చెప్పను, అంత ధైర్యం ఇంకా రాలేదు. కానీ ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఇక ఊపిరాడేలా లేదు. అందుకే మీకు చెబుతున్నాను.

నేనప్పుడు ఒక పరిశోధన ప్రాజెక్టులో సహాయకురాలిని. పినపాక అడవుల్లో ఎండాకాలం తునికాకు కోసేవాళ్లకు వడదెబ్బ తగులుతుంది. వాళ్ల చేతికి కట్టి నాడి చూసే పరికరం మాది. దానికి బ్యాటరీ లేదు. రూపాయంత బిళ్ల మీద పూసిన ఎంజైమే వాళ్ల చెమటలోంచి కాస్త కరెంటు పుట్టిస్తుంది. చేతికి కట్టేదాకా ఆ బిళ్లల్ని చల్లగా ఉంచాలి. వేడికి ఎంజైము ఒకసారి చచ్చిందంటే, ఉడికిన గుడ్డు మళ్లీ పచ్చిది కానట్టే, ఇక అంతే సంగతులు.

బిళ్ల ఒంటికి ఆనేలా పట్టీలు కుట్టింది సలీం. ఇల్లందు బస్టాండు దగ్గర, వాళ్ల తాతనాటి టైలరు షాపు. మొదటి నమూనాకు నా చెయ్యే కొలత. అతను ముట్టుకోలేదు. టేపు నాకిచ్చి, మీరే చుట్టుకోండి మేడం అని, పక్కకు తిరిగి నంబరు రాసుకున్నాడు. ఆ పక్కకు తిరగడమే నన్ను పట్టేసింది. తర్వాత దారం రంగు అడగడానికి వెళ్లాను, అంచు చూడటానికి వెళ్లాను, ఏ పనీ లేకుండా కూడా వెళ్లాను. అతనికి తెలుసా? తెలిసే మేడం అనేవాడా? ఇప్పటికీ నాకు తెలియదు.

పట్టీలు తీసుకునే రోజున, హైదరాబాద్ నుంచి వచ్చిన బిళ్లలు ఐసు డబ్బాలో, జీపులో ఉన్నాయి. నేరుగా పినపాకలోని మా గదికి తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టాలి. పది నిమిషాలే కదా అని దిగాను. సలీం చివరి పట్టీ కుడుతున్నాడు. కూర్చోమన్నాడు, చాయ్ తెప్పించాడు. డ్రైవరును తిని రమ్మని నేనే పంపాను. మే నెల మధ్యాహ్నం, అద్దాలు మూసిన జీపు.

మరిచిపోయానని చెప్పుకుంటే బాగుండేది. మరిచిపోలేదు. డబ్బా గుర్తొచ్చిన ప్రతిసారీ, ఈ ఒక్క కుట్టు చూసి లేస్తాననుకున్నాను. మిషను ఆగితే నేను వెళ్లిపోవాలి కదా. చివరికి మూత తీసి చూస్తే ఐసంతా గోరువెచ్చని నీళ్లయింది. కొత్త ఐసు కొని నింపాను. ఎవరికీ చెప్పలేదు.

అడవిలో ఒక్క పరికరమూ పనిచేయలేదు. ఆకుకోత అయిపోవచ్చింది, ఆ ఏటికి పరీక్ష పోయినట్టే. ప్రాజెక్టు సారు ఫోను చేసి కారణమడిగితే, పట్టీలు వదులుగా ఉన్నాయి సార్ అన్నాను. మంచినీళ్లు తాగినంత తేలిగ్గా అనేశాను.

అదే మాట చెప్పి పట్టీలు సలీంకు వాపసు ఇచ్చేశాను. వారం తర్వాత వెళ్తే సలీం ముప్పైకి ముప్పై విప్పి బల్ల మీద పరిచి ఉంచాడు. తప్పెక్కడుందో అని ఒక్కొక్క కుట్టూ వెతికాడట.

"నాకైతే ఏడ గలత్ అయిందో కనవడ్తలేదు మేడం. నిజం చెప్పుండ్రి, నా కుట్టు వల్లనే పోయిందా?"

"అవ్ సలీం."

"గట్లైతే నా చేతిలనే ఏదో పోయింది మేడం."

కోప్పడినా బాగుండేది. దారప్పోగులు ఏరుకుంటూ కూర్చున్నాడు.

ఇప్పుడతను కొత్త బట్ట కత్తిరించడట. జిప్పులు మార్చడం, చిరుగులకు మాసికలు వేయడం తప్ప ఇంకేం ఒప్పుకోవడం లేదని మా పాత డ్రైవరు చెప్పాడు. వెళ్లి నిజం చెప్పొచ్చు కదా అంటారు మీరు. రెండుసార్లు ఇల్లందు దాకా వెళ్లాను. బస్సు దిగలేదు. నిజం చెబితే ఆ మధ్యాహ్నం ఎందుకు లేవలేకపోయానో కూడా చెప్పాలి. అది విని అతను మళ్లీ పక్కకు తిరుగుతాడు, ఈసారి నా మొహం చూడలేక. అంతకంటే నన్ను మేడం అని తలుచుకోవడమే నయమనుకున్నాను. నా ఈ ఆశ కోసం అతని చేతిపనిని బలిపెట్టానా? పెట్టాను. ఇంకా పెడుతూనే ఉన్నాను.

నా కొలతకు కుట్టిన నమూనా పట్టీ నా దగ్గరే ఉండిపోయింది. అప్పుడప్పుడూ కట్టుకుంటాను. ఇది రాస్తున్నప్పుడూ కట్టుకునే ఉన్నాను. ఎక్కడా వదులు లేదు. ఏనాడూ లేదు. ఈ మాట బయటికి అనడం నాకిదే మొదలు.