గద్వాల కచేరీ ముందు తడి పడుగు

గద్వాల సంస్థానం కచేరీ చూడాలన్న కోరిక నాకై నాకు పుట్టింది కాదు, మా పటేలు పుట్టించాడు. కొత్తకోటలో మా మగ్గాల వీధి ఇరుకు. మగ్గానికి నిలువు పోగులైన పడుగు చాపాలంటే ఊరి చావడి ముందున్న ఖాళీ జాగా తప్ప మరో చోటు లేదు. నూలుకు గంజి పట్టించి, రెండు గుంజల మధ్య బారుగా లాగి, కుంచెతో దువ్వి ఆరబెడితేనే అది మగ్గమెక్కుతుంది. అలాంటిది పటేలు ఒకనాడు ఇక అక్కడ చాపవద్దన్నాడు. పెద్ద మనుషులు కూర్చునే చోట గంజి వాసనేమిటని ఆయన బాధ. గద్వాలలో ఏకంగా సంస్థానం కచేరీ ముందే చాపుతారని నేనంటే నవ్వాడు. "గట్లనా? అయితే ఆ కచేరీ నుంచి కాగితం తే. నేను గూడ ఒప్పుకుంట" అన్నాడు. గద్వాల నా భార్య పుట్టిల్లు. కచేరీ ముందు చాపే సంగతి నాకు చెప్పింది ఆమే, ఆమె ఊరికే లేనిది చెప్పే మనిషి కాదు. ముప్పై ఇళ్ళ మగ్గాలు ఆగిపోయే పని కాబట్టి తెస్తాననే చెప్పి వచ్చాను.

మర్నాడు కోడి కూయగానే వనపర్తి రోడ్డు స్టేషనుకు బండి కట్టించాను. ఎద్దుల బండికి నాలుగణాలు, రెండు గంటల దారి. బండాయన దారంతా నన్ను ఆటపట్టిస్తూనే ఉన్నాడు. "కాగితం కోసం కృష్ణ దాటి పోతున్నవా? పడుగు కాగితం మీద చాపుతరా ఏంది?" అన్నాడు. రైలు ఆలస్యంగానే వచ్చింది. మూడో తరగతి పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికితే వంతెన మీద నుంచి కృష్ణను కళ్ళారా చూడవచ్చు, నాకు దొరకలేదు. గద్వాల స్టేషను నుంచి కచేరీ ఉన్న కోట దాకా జట్కాలున్నాయి కాని, నడిచినా పెద్ద దూరమేమీ కాదు.

కచేరీ చూడవలసిన కట్టడమే. ఎత్తయిన అరుగు, రెండు చేతులా చుట్టినా అందని టేకు స్తంభాలు, ఎందరెందరి కాళ్ళకో అరిగి నున్నబడ్డ రాతి మెట్లు. ముందున్న మైదానం చూసి నాకు నోరూరింది. రెండు పడుగులు ఒకదాని వెనుక ఒకటి హాయిగా పడతాయి. అప్పటికి పదిన్నర. గోడ నీడన అర్జీలు పట్టుకున్న జనం తప్ప అక్కడ పడుగూ లేదు, గుంజా లేదు. నేను నేరుగా గుమాస్తా దగ్గరికి వెళ్ళి చేతులు జోడించాను.

"అయ్యా, మీ కచేరీ ముందల పడుగులు చాపుకోనిస్తున్నరని ఒక్క ముక్క రాసిస్తే చాలు."

ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశాడు. "ఈడ పడుగులా? ఎవరిచ్చిన్రు హుకుం? మేం పదింటికి వస్తం, మాకేం కనబడలే. రేపు పొద్దుగాల నేనే వచ్చి చూస్త."

అప్పుడు తెలిసింది నేను చేసిన పని. పడుగు తెల్లవారుజామున చాపి, ఎండ ముదిరేలోపు చుట్టేస్తారని పుట్టినప్పటి నుంచీ తెలిసిన నేను, కచేరీకి కచేరీ వేళకే పోవాలనుకుని వచ్చాను. వచ్చినవాణ్ణి ఊరుకున్నానా, లేని తగువు తెచ్చిపెట్టాను. అక్కణ్ణుంచి అత్తవారింటికి పోయి, మా మామ మగ్గం మీద ఉండగానే సంగతంతా చెప్పాను. ఆయన పోగుల మధ్య అటూ ఇటూ విసిరే నాడె ఆపాడు.

"అడిగినవా? ఎవరడగమన్నరు అల్లుడా నిన్ను? మా తాతల నాటి నుంచి చాపుతున్నం, ఒక్కరం అడగలే. అడిగితే ఎవరో ఒకరు జవాబియ్యాల్నా వద్దా?"

సిగ్గుతో తల దించుకున్నాను. రేపటికి మానుకుందామా అని అడిగాను.

"మానుడేంది? చాపుతం" అని మామ మళ్ళీ నాడె విసిరాడు.

తెల్లవారక ముందే మైదానంలో గుంజలు పాతి పడుగు లాగాం. నేనూ ఒక కుంచె పట్టాను. వెలుగు రాగానే గుమాస్తా కోటు గుండీలన్నీ పెట్టుకుని రానే వచ్చాడు. మామ దువ్వడం ఆపలేదు.

"అయ్యా, జర ఆ పక్క నుంచి రాండ్రి. తడి మీదున్నది."

"హుకుం ఏదని అడుగుతున్న" అన్నాడు గుమాస్తా.

"ఆరనీయుండ్రి. ఆరినంక మీరేమడిగినా చెప్త."

తడి పడుగును మధ్యలో వదిలేస్తే పోగుకు పోగు అంటుకుని నూలంతా పాడవుతుంది. గద్వాలలో పెరిగినవాడికి అది ఎవరూ చెప్పనక్కరలేదు. గుమాస్తా మైదానం అంచున చుట్టూ తిరిగి వెళ్ళి, మెట్ల మీద కూర్చున్నాడు. ఆయన చూస్తుండగానే నేను తెగిన పోగులు అతికాను. పడుగు ఆరింది. చుట్టాం, గుంజలు పీకి గుంతలు పూడ్చాం, మామ నేలంతా చీపురుతో ఊడ్చి, వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇగ అడుగుండ్రి అయ్యా."

గుమాస్తా మైదానం ఈ చివర నుంచి ఆ చివరికి చూశాడు. "ఏమడగాలె? ఈడ ఏమున్నది?" అని లోపలికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం రైలుకు వట్టి చేతులతో తిరిగొచ్చాను. దారి పొడుగునా నా తొందరపాటు తలుచుకుని నన్ను నేనే తిట్టుకున్నాను. మా తాతలు, మా మామ తాతలు ఒకరి అనుమతి కోసం ఎదురుచూడకుండా పని చేసుకుపోయారు, నేనే కాగితం కావాలని పరుగెత్తాను. రెండు రోజులకు చావడి ముందు తెల్లవారుజామునే పడుగు చాపాం. పటేలు వచ్చి కాగితమేదని అడిగాడు. భయం వేయలేదంటే అబద్ధం. అయినా దువ్వడం ఆపకుండానే, "తడి మీదున్నది పటేలా, జర ఆ పక్క నుంచి పోండ్రి, ఆరినంక చెప్త" అన్నాను. ఆయన ధోవతి కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని చుట్టూ తిరిగి వెళ్ళాడు. ఆరాక నేనే ఆయన ఇంటికి పోయి నిలబడితే, అన్నం తింటున్నానని లోపల నుంచి కబురు పంపాడు. అప్పటి నుంచి రోజూ చాపుతూనే ఉన్నాం. గద్వాల కచేరీ చూడబోయేవారికి ఒక్క మాట: ముందురోజే ఊరు చేరి, తెల్లవారక ముందే మైదానానికి వెళ్ళండి, కచేరీ తెరిచాక పోతే కట్టడం మాత్రమే కనిపిస్తుంది.